పాళెం బాటలో సీట్ల సారు

పదో తరగతి, ఇంటర్ ఫలితాలు రాగానే నెల్లూరు తీరంలోని మత్స్యకారుల పాళేల్లోకి బైకులు దిగుతాయి. వాటి మీద వచ్చేవాళ్లకు ఒక టార్గెట్ ఉంటుంది. వాళ్ల కోసం ఎదురుచూసే ఇళ్లలో ఒక పిల్లో పిల్లాడో ఉంటారు. కాలేజీ సీట్ల కోసం ఊరూరా తిరిగే పీఆర్వోల బతుకు మీద, వాళ్ల మాట మీద ఆధారపడే కుటుంబాల మీద ఈ వారం ముఖచిత్ర కథనం.

ఏప్రిల్ 15 వస్తే తూర్పు తీరమంతా మరపడవల వేట ఆగిపోతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని జూన్ 14 దాకా, 61 రోజులు నిషేధం. జువ్వలదిన్నె, ఇసకపల్లి, మైపాడు, కోడూరు, తూపిలిపాళెం ఒడ్డున పడవలు ఇసుకెక్కుతాయి. మగవాళ్లు వలలు బాగుచేసుకుంటూ ఇంటిపట్టున ఉంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే పరీక్షల ఫలితాలు. 2025లో ఇంటర్ ఫలితాలు ఏప్రిల్ 12న, పదో తరగతి ఫలితాలు ఏప్రిల్ 23న వచ్చాయి. వేట నిషేధ భృతి పది వేల నుంచి ఇరవై వేలకు పెరిగి ఖాతాల్లో పడిందీ ఆ నెల చివర్లోనే. తండ్రి ఇంట్లో ఉంటాడు, పిల్ల మార్కులు చేతికొస్తాయి, ఖాతాలో కాస్త డబ్బుంటుంది. ఏడాది మొత్తంలో ఈ మూడూ కలిసే కాలం ఇదొక్కటే. ఆ సంగతి కాలేజీల పీఆర్వోలకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

ఉదయం ఆరింటికి డేటా

మాకు దారి చూపిన పీఆర్వోకు ముప్పై ఐదేళ్లుంటాయి. ఎమ్మెస్సీ మాథ్స్, బీఈడీ. జూన్ నుంచి మార్చి దాకా ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. ఏప్రిల్ రాగానే అదే యాజమాన్యం ఆయన చేతిలో కరపత్రాల కట్ట, మండలాల జాబితా పెడుతుంది. తన పేరూ కాలేజీ పేరూ రాయొద్దన్నాడు. రాయడం లేదు.

ఆయన రోజు టీ కొట్టు దగ్గర ఆరింటికి మొదలవుతుంది. జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం. విద్యార్థి పేరు, బడి, ఊరు, తండ్రి ఫోన్ నంబరు. దాన్ని ‘డేటా’ అంటారు. ఎక్కడిదని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. బడుల నుంచి నంబర్లు ఎలా బయటికొస్తాయో తల్లిదండ్రులకూ తెలుసు. ఫలితాలు రాకముందే వాళ్ల ఫోన్లు మోగడం మొదలవుతుంది కదా.

నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా మైపాడు దారి. కోతలైన మళ్లు, తర్వాత రొయ్యల గుంతలు, గుంతల్లో తిరిగే ఏరేటర్ల చప్పుడు, ఆపైన బకింగ్‌హాం కాలువ, అవతల పాళెం. కావలి తుమ్మలపెంట నుంచి తడ వైపు పులికాట్ దాకా దాదాపు ఇదే వరస. హైవే, రైలుకట్ట, మాగాణి, గుంతలు, కాలువ, చివరికి మత్స్యకారుల ఇళ్లు. “కాలువకు ఇవతల ఊళ్లలో ఇంటికో ఇంజనీరు ఉండాడన్నా. వాళ్లకు నేను చెప్పేదేముంది, వాళ్లే నాకు చెప్తారు. నాకు అడ్మిషన్లు వచ్చేది కాలువ అవతలే” అన్నాడు పీఆర్వో. ఎందుకో ఆయన చెప్పలేదు గానీ తెలుస్తూనే ఉంది. ఆ ఇళ్లలో కాలేజీ గడప తొక్కేది ఈ పిల్లలే మొదట. అడగడానికి ఇంట్లో ముందు చదివినవాళ్లు ఉండరు.

ఒక ఇంటి అరుగు మీద చాప వేశారు. తల్లి చేపలు అమ్మి అప్పుడే వచ్చింది. తండ్రి వల పక్కన పెట్టాడు. మేనమామను కూడా పిలిపించారు, మాట పక్కా కావాలంటే ఆయనుండాలి.

“పిలకాయకు మార్కులెన్నొచ్చాయి మా?”

“నాలుగొందల ఎనభై అంట సార్.”

“బాగా చదివుండాడే! ఇట్టాంటి పిలకాయలకు మా కాలేజీలో ఫీజు సగానికి సగం తీసేస్తారు.”

“సగమంటే ఎంత సార్? మొత్తం ఎంతుంటే సగం?”

రోజూ చేపల గంప ముందు బేరమాడే మనిషి ప్రశ్న అది. పీఆర్వో బ్రోచర్ తిప్పాడు. అందులో ర్యాంకులు సాధించిన పిల్లల ఫోటోలు వరసగా ఉన్నాయి, ఫీజుల పట్టిక మాత్రం లేదు. మేనమామ హాస్టల్లో చేపలు పెడతారా అని అడిగాడు. తండ్రి ఏమీ అడగలేదు. కుర్రాడి వైపు ఎవరూ చూడలేదు. ఎంపీసీనా, బైపీసీనా, పాలిటెక్నికా అన్నది వాణ్ణి అడగకుండానే మాటలు హాస్టల్ దాకా వెళ్లిపోయాయి.

లేచేముందు పీఆర్వో మెల్లగా అన్నాడు: “మెమో జిరాక్సు, ఒక వెయ్యి అడ్వాన్సు ఇస్తే సీటు బ్లాక్ చేసి పెడతా.” తల్లి రేపు చెబుతామంది. బైకెక్కాక ఆయన ఫోన్‌లో ఆ ఇంటి ఎదురుగా ‘ఫాలో అప్’ అని రాసుకున్నాడు.

జాయినింగ్ పడితేనే జీతం

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో తిరిగేదంతా ‘జాయినింగ్స్’ కోసం. ఇల్లు చూసొస్తే లెక్కలోకి రాదు, అడ్వాన్సు తెచ్చినా పూర్తిగా రాదు. పిల్లాడు టీసీ ఇచ్చి, మొదటి వాయిదా కట్టి, హాస్టల్లో పెట్టె దించితేనే ఒక జాయినింగ్. ఒక్కో లెక్చరర్‌కు ఇన్ని అని యాజమాన్యం గీత గీస్తుంది. గీత దాటినవాడికి ప్రోత్సాహకం, దాటనివాడికి ఎండాకాలం జీతం ఆగుతుంది, కొన్నిచోట్ల జూన్‌లో తరగతులూ ఇవ్వరు. పెట్రోలు ఖర్చు కొందరికి ఇస్తారు, కొందరికి ఇవ్వరు. ఆగస్టు తర్వాత పని లేని పూర్తికాలపు పీఆర్వోలు ప్లాట్లు, బీమా పాలసీలు అమ్ముకుంటారు.

ఈ పనిలో ఆడవాళ్లూ ఉన్నారు. సగం మంది ఆఫీసులో కూర్చుని ఫోన్లు చేస్తారు, మిగిలినవాళ్లు అమ్మాయిలున్న ఇళ్లకు వెళ్తారు. వాళ్లను తల్లులు అడిగే ప్రశ్నలు వేరు. బాత్రూములు ఎన్ని, వార్డెన్ ఆడమనిషేనా, బస్సు చీకటి పడకముందే దించుతుందా, నెలసరి వస్తే ఇంటికి పంపుతారా. ఇవి ఏ బ్రోచర్‌లోనూ ఉండవు. పదిహేనేళ్లుగా ఈ పని చేస్తున్న ఒకామె మాట: “అబద్ధం చెబితే ఆ ఊళ్లో మళ్లీ అడుగు పెట్టలేనమ్మా. కాలేజీ వాళ్లకు ఒక్క ఏడాది చాలు, నాకు పది ఏళ్లు కావాల.” ఈ వృత్తిలో నిజాయితీని ఇంకా నిలబెట్టి ఉంచింది ఈ భయమే. ఏడాదికో పీఆర్వో మారే కాలేజీల్లో అదీ లేదు.

సీట్ల చరిత్రలో ఈ తీరం

ఒకప్పుడు కాలేజీలు ఊళ్లలోకి వచ్చేవి కావు. పిల్లలే నెల్లూరు వీఆర్ కాలేజీకో కావలి జవహర్ భారతికో వెళ్లేవాళ్లు. 1979లో పొంగూరు నారాయణ నెల్లూరులో చిన్న ట్యూషన్ కేంద్రంగా మొదలుపెట్టినది తర్వాత దేశమంతా విస్తరించిన నారాయణ విద్యాసంస్థలైంది. అదే 1979లో కోట దగ్గర విద్యానగర్‌లో ఎన్‌బీకేఆర్ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. రాష్ట్రంలో తొలితరం ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో అదొకటి. డొనేషన్లను అరికట్టడానికి 1983లో రాష్ట్రం క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం తెచ్చింది. 1986లో ఎంసెట్ మొదలైంది.

సీట్ల వ్యవహారం ఒక ముఖ్యమంత్రి పదవినే తీసుకెళ్లింది, ఆయనా ఈ తీరం మనిషే. ప్రైవేటు మెడికల్, డెంటల్ కాలేజీలకు ప్రభుత్వం ఇచ్చిన అనుమతులను హైకోర్టు కొట్టేయడంతో 1992 అక్టోబరులో వాకాడుకు చెందిన నేదురుమల్లి జనార్ధనరెడ్డి రాజీనామా చేశారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పుతో ‘ఫ్రీ సీటు, పేమెంటు సీటు’ మాటలు ఇంటింటికీ చేరాయి. 2002లో టీఎంఏ పాయ్ తీర్పు ఆ ఏర్పాటును తిరగరాసింది. ఇవాళ ఇంజనీరింగ్‌లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా.

2008లో వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ తెచ్చాక పీఆర్వో పని రూపమే మారిపోయింది. పేదింటి పిల్ల కాలేజీలో చేరితే ఫీజు సర్కారు కడుతుంది. కొన్నాళ్లు ఆ డబ్బు తల్లుల ఖాతాల్లో వేశారు, 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ నేరుగా కాలేజీలకే అన్నారు. ఎటు తిప్పినా ఖాళీ సీటుకు రూపాయి రాదు, నిండిన సీటుకు సర్కారు డబ్బు వస్తుంది. అంతదాకా డబ్బున్న ఇళ్ల చుట్టూ తిరిగిన బైకులు కాలువ దాటి పాళేల్లోకి వచ్చింది ఆ లెక్కతోనే.

ఓటీపీ ఒకరిది, ఆప్షన్ ఇంకొకరిది

ఇంటర్ తర్వాత అసలు కథ జూన్, జూలైల్లో. ఎంసెట్ పేరు 2021లో ఈఏపీసెట్ అయింది. ర్యాంకు వచ్చాక ఓసీ, బీసీ పిల్లలు 1,200, ఎస్సీ, ఎస్టీ పిల్లలు 600 రూపాయల ప్రాసెసింగ్ ఫీజు కట్టి, సర్టిఫికెట్లు చూపించి, వెబ్‌లో కాలేజీలకు ఆప్షన్లు పెట్టుకోవాలి. సీటు కేటాయింపు ఆ వరస ప్రకారమే జరుగుతుంది. మొదటి ఆప్షన్‌లో ర్యాంకు సరిపోతే రెండోదాన్ని కంప్యూటర్ చూడనే చూడదు. కౌన్సెలింగ్ మొత్తానికీ ప్రాణం ఈ వరస.

పాళేల్లో ఎక్కువ మోసం జరిగేదీ అక్కడే. ఇంట్లో కంప్యూటర్ ఉండదు, నెట్ సెంటర్‌కు పోవాలి. పీఆర్వో “నేనే పెడతా, మీరు పనులు చూసుకోండి” అంటాడు. ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చదివి చెప్పమంటాడు. తన కాలేజీని మొదటి ఆప్షన్‌గా పెట్టి సేవ్ కొడతాడు. రెండు వందలకు పైగా కాలేజీల్లో తనకు తగినది ఎంచుకునే హక్కు పిల్లాడికి ఉందన్న సంగతి సీటు వచ్చాక గానీ ఇంట్లోవాళ్లకు తెలియదు. ఆప్షన్ల గడువు ముగిసేదాకా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చని ఎవరూ చెప్పరు.

రెండో మోసం మాటలో ఉంటుంది. “రీయింబర్స్‌మెంట్ వస్తుంది లెండి” అంటూ మేనేజ్‌మెంట్ కోటాలోనో స్పాట్ అడ్మిషన్‌లోనో చేర్పిస్తారు. ఆ రెండింటికీ రీయింబర్స్‌మెంట్ వర్తించదు. ఆరు నెలల తర్వాత ఫీజు కట్టమని కబురొస్తుంది. కట్టలేక మానుకుందామంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో ఉంటాయి. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ మాట చెప్పి అడిగే ధైర్యం వేటకు పోయే తండ్రికి ఎవరిస్తారు?

సర్టిఫికెట్ల దగ్గరే కొందరు ఆగిపోతారు. పట్టపు, పల్లి కులాలు బీసీ-ఏ కిందికి వస్తాయి, వాటికి 7 శాతం రిజర్వేషన్. జిల్లాలో ఎక్కువగా ఉన్న యానాదులు ఎస్టీలు, వాళ్లకు 6 శాతం. రొయ్యల గుంతల కాపలా పనిలో ఊరూరూ మారే యానాది కుటుంబంలో పిల్ల ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివిన బడులన్నింటి స్టడీ సర్టిఫికెట్లు తేవడమంటే మాటలు కాదు. అవి లేకపోతే ఎస్వీ యూనివర్సిటీ ప్రాంతపు స్థానిక కోటా, అంటే 85 శాతం సీట్లలో పోటీ పడే హక్కు, చిక్కుల్లో పడుతుంది. 2021 నవంబరు పెన్నా వరదలో కాగితాలు తడిసిపోయిన ఇళ్లు ఎన్నో. అలాంటప్పుడు హెడ్మాస్టర్ దగ్గరికి వెళ్లి డూప్లికేట్ తెప్పించే ఓపిక పీఆర్వోకే ఉంటుంది. ఆయన్ను ఊరికే తిట్టిపోయడానికి లేనిది ఇందుకే. ప్రభుత్వం చేయాల్సిన పనుల్లో సగం ఆయనే చేస్తున్నాడు, బదులుగా పిల్లను తన కాలేజీకి తీసుకుపోతున్నాడు.

కమీషన్ లేని సీట్లు

కృష్ణపట్నం రేవుకు పోయే దారిలో ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉంది. 1991లో పెట్టారు. నాలుగేళ్ల బీఎఫ్ఎస్సీ డిగ్రీ, ఈఏపీసెట్ బైపీసీ ర్యాంకుతో సీటు. చేపల పెంపకం, వ్యాధులు, హేచరీలు, శీతలీకరణ, ఎగుమతి నాణ్యత చదువుతారు. చుట్టూ ఉన్న గుంతల్లో వనామి రొయ్యకు జబ్బు వస్తే రైతులు పరుగెత్తేది ఇలా చదివినవాళ్ల దగ్గరికే. మేం తిరిగిన పాళేల్లో బైపీసీ చదివిన పిల్లలను దాని గురించి అడిగాం. బోర్డు చూశామన్నారు, అందులో ఎలా చేరాలో తమకెవరూ చెప్పలేదన్నారు. చెప్పే పీఆర్వో ఎవరు? ఆ సీటుకు కమీషన్ లేదు.

గూడూరులో సిరామిక్ టెక్నాలజీ డిప్లొమా చెప్పే ప్రభుత్వ సంస్థ ఉంది. చిల్లకూరు, కోట మండలాల సిలికా ఇసుక లారీల్లో బయటి రాష్ట్రాలకు పోతుంటుంది, దాన్నే ముడిసరుకుగా వాడే పరిశ్రమల చదువు పక్కనే ఉంది. పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల చదువు చెప్పే ట్రిపుల్ ఐటీలు 2008 నుంచి నడుస్తున్నాయి, ప్రభుత్వ బడి పిల్లలకు 4 శాతం మార్కులు కలిపి చూస్తారు. పాలిసెట్ రాస్తే డిప్లొమా, దాంతో తడ దగ్గర శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో పని. ఇవన్నీ ఉన్న దారులే. పాళెంలోకి వచ్చే బ్రోచర్లలో మాత్రం వీటికి చోటు లేదు. అక్కడ ఒకటే మాట, కంప్యూటర్ సైన్సు.

సముద్రం అవతలి సీట్లు

రొయ్యలు కలిసొచ్చిన ఇళ్లకు వేరే సార్లు వస్తారు. వాళ్ల ఆఫీసులు నెల్లూరు ట్రంక్ రోడ్డులో, మాగుంట లేఔట్‌లో ఉంటాయి. అమెరికాలో ఎంఎస్, ఫిలిప్పీన్స్‌లోనో జార్జియాలోనో ఎంబీబీఎస్. ఆ డాక్టర్ చదువు ఇక్కడ చెల్లాలంటే నీట్ అర్హత, కనీసం 54 నెలల కోర్సు, అదే సంస్థలో ఏడాది ఇంటర్న్‌షిప్, ఇంగ్లిషు మాధ్యమం ఉండాలని జాతీయ మెడికల్ కమిషన్ 2021లో నిబంధన పెట్టింది. ఏజెంట్ దాన్ని చివర్లో, అడిగితేనే చెబుతాడు.

ఈ వ్యాపారం ఎంతదాకా పోతుందో తెలుగు పిల్లలు రెండుసార్లు చూశారు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగాక మన విద్యార్థుల కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించారు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అసలు యూనివర్సిటీయే కాదని, అమెరికా ప్రభుత్వ అధికారులే పెట్టిన ఉచ్చు అని తేలింది. పట్టుబడిన వందమందికి పైగా విద్యార్థుల్లో ఎక్కువమంది తెలుగువాళ్లే. వాళ్లను చేర్పించి తలకింత తీసుకున్నారని కేసు పడిన ఎనిమిది మందీ మనవైపు వాళ్లే.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. అమెరికా తన పిల్లల విషయంలో 1992లోనే గట్టి చట్టం చేసుకుంది. ప్రభుత్వ ఆర్థిక సాయం అందుకునే ఏ కాలేజీ కూడా విద్యార్థిని చేర్పించినందుకు ఎవరికీ తలకింత అని కమీషన్ ఇవ్వకూడదు. విదేశీ విద్యార్థులకు మాత్రం మినహాయింపు పెట్టింది. మన కన్సల్టెన్సీల బోర్డులు వెలిగేది ఆ మినహాయింపులోనే.

ఎవరి డబ్బుతో కమీషన్?

ఆ చట్టం వెనకున్న తర్కం మనకూ అక్షరాలా సరిపోతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ జనం పన్నుల డబ్బు. ఆ డబ్బుతో నడిచే సీటును నింపినందుకు పీఆర్వోకు కమీషన్ పోతోందంటే, పిల్లను తప్పుదారి పట్టించే ఖర్చు కూడా మనమే భరిస్తున్నట్టు. పెళ్లిళ్ల పేరయ్య రెండు వైపులా తీసుకుంటాడు కాబట్టి కాస్తయినా ఇద్దరి మంచీ చూస్తాడు. సీట్ల సారు కాలేజీ దగ్గరే తీసుకుంటాడు, కాబట్టి కాలేజీ మంచే చూస్తాడు. ఆయన చెడ్డవాడు కాడు, ఆయన జీతం అలా రాసి ఉంది. షెడ్యూలుకు ముందు అడ్మిషన్లు చేయొద్దని, క్యాన్వాసింగ్ వద్దని ఇంటర్ బోర్డు ఏటా చెబుతూనే ఉంటుంది. బైకుల మీద తిరిగేవాళ్లను ఆపితే ఒరిగేది తక్కువ. తలకింత అన్న లెక్కను ఆపాలి. రీయింబర్స్‌మెంట్ తీసుకునే కాలేజీ చేరికకు ఇంత అని ఎవరికీ ఇవ్వకూడదని ప్రభుత్వం ఒక్క షరతు పెడితే చాలు.

దాంతోపాటు పాళేలకు సొంత సీట్ల సారు కావాలి. ఏ కాలేజీ జీతం తీసుకోని మనిషి, ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా మండలానికొకరు, సచివాలయంలో కంప్యూటర్ ముందు కూర్చుని ఆప్షన్లు పెట్టించేవాళ్లు. వేట నిషేధ భృతి జాబితాలో ఏ ఇల్లు ఎక్కడుందో ప్రభుత్వానికి తెలుసు. ఆ జాబితాతోనే ఏ ఇంట్లో పది, ఇంటర్ పాసైన పిల్లలున్నారో చూసి వెళ్లొచ్చు. పీఆర్వోగా తిరిగే ఎమ్మెస్సీ, బీఈడీలు వందల్లో ఉన్నారు. ఇళ్లు తెలిసినవాళ్లు, దారులు తెలిసినవాళ్లు. వాళ్లకే ఆ పని ఇస్తే అంతకంటే మంచి కౌన్సెలర్లు దొరకరు.

అది వచ్చేదాకా తల్లిదండ్రులు చేయగలిగింది ఇది. వచ్చినాయన్ను ముందు ఒకటే ప్రశ్న అడగండి: “మా పిల్ల చేరితే మీకెంత వస్తుంది సార్?” సీటు కన్వీనర్ కోటాదా, మేనేజ్‌మెంట్ కోటాదా కాగితం మీద రాయించుకోండి. ఫీజు మొత్తం ఎంతో, హాస్టల్ ఎంతో, పరీక్ష ఫీజు ఎంతో అంకెల్లో అడగండి. ఆప్షన్లు పిల్ల చేత్తోనే పెట్టించండి, ఓటీపీ ఎవరికీ చదివి చెప్పకండి. ఆ కాలేజీలో ఇప్పుడు చదువుతున్న మీ ఊరి పిల్లతో ఒకసారి మాట్లాడండి. ఎండన పడి వచ్చిన సారును కూర్చోబెట్టి మజ్జిగ ఇవ్వండి. ఒరిజినల్స్ మాత్రం ఇవ్వకండి.